వ్యాపార సంస్కృతా, ప్రభుత్వ విధానమా? ముందు మార్చాల్సింది ఏది?

మీరు రెండు విషయాలు అడిగారు. కొన్ని దేశాలు, కొన్ని కంపెనీలు పైకి రావడానికి కారణం వాళ్ల వ్యాపార సంస్కృతా లేక అక్కడి ప్రభుత్వం ఎంచుకున్న ఆర్థిక విధానాలా అన్నది ఒకటి. వెనకబడిన చోట ముందు దేన్ని మార్చాలి అన్నది రెండోది. నేను పరిశ్రమలకు దీర్ఘకాలిక అప్పులిచ్చే సంస్థలో చాలా ఏళ్లు పనిచేశాను. ప్రాజెక్టు రిపోర్టులు చదవడం, ఫ్యాక్టరీలు తిరిగి చూడటం, ఆ తర్వాత మొండి బకాయిల వెంటపడటం, ఇదే నా ఉద్యోగం. సూటిగా చెప్తాను: మనం సంస్కృతి అని పిలుస్తున్నదాంట్లో చాలా భాగం పాత నియమాలు మిగిల్చిన అలవాటే. ఏ పనిలో డబ్బు ఉంటే తెలివైనవాళ్లు ఆ పనిలో ఆరితేరుతారు. లైసెన్స్ తెచ్చుకోవడంలో లాభముంటే లైసెన్స్ తెచ్చుకోవడంలో, సరుకు బాగా చేయడంలో లాభముంటే సరుకు చేయడంలో. కాకపోతే నియమాన్ని ఒక్క రోజులో మార్చొచ్చు, అలవాటు మారడానికి మాత్రం ఏళ్లు పడుతుంది, మధ్యలో ఉన్న ఆ కాలాన్ని చూసి మనం "వాళ్ల రక్తంలోనే ఉంది" అనేస్తాం.

రక్తం సంగతి ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే జర్మనీలో జ్వికావ్ అనే ఊరిని చూడాలి. ఆడి కార్లు పుట్టింది, హోర్ఖ్ కార్లు తయారైంది అక్కడే. 1932లో నాలుగు కంపెనీలు కలిసి ఆటో యూనియన్‌గా ఏర్పడ్డాయి, ఆడి కార్ల మీద ఇప్పటికీ కనిపించే నాలుగు వలయాలు ఆ నాలుగు కంపెనీల గుర్తే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ ఊరు సోవియట్ ఆధీనంలోకి వెళ్లింది. కంపెనీ మనుషులు కొందరు పశ్చిమానికి వెళ్లిపోయి 1949లో ఇంగోల్‌స్టాట్‌లో మళ్లీ మొదలుపెట్టారు, ఇవాళ మనకు తెలిసిన ఆడి అదే. జ్వికావ్‌లో ఉండిపోయినవాళ్లు 1957 నుంచి ట్రాబంట్ కారు చేశారు. పొగ కక్కే టూ స్ట్రోక్ ఇంజిన్, ఉక్కు కొరత వల్ల పత్తి వ్యర్థాలను రెసిన్‌తో కలిపి అచ్చు పోసిన బాడీ. 1964లో వచ్చిన 601 మోడల్ పెద్దగా మారకుండానే 1990 దాకా నడిచింది.

భాష ఒకటే, చదువు ఒకటే, పనిమీద ఉండే క్రమశిక్షణ ఒకటే. రేసు కార్లు చేసిన ఊరు అది, చేతకాక అలాంటి కారు చేశారనడానికి లేదు. నిజానికి అక్కడి ఇంజినీర్లు 60లలో ఒకసారి, 70లలో ఒకసారి కొత్త కార్లు రూపకల్పన చేశారు, నమూనాలు కూడా తయారయ్యాయి, పైనుంచి, అంటే తూర్పు జర్మనీ ప్రభుత్వం, వద్దని ఆపేసింది. ఎందుకు ఆపరు? కొత్త కారు తెస్తే మిషన్లకు ఖర్చు, ప్లాను లెక్కలన్నీ తారుమారు. తేకపోతే నష్టం ఏముంది, కొనేవాళ్లు పదేళ్లకు పైగా వరుసలో నిలబడి ఉన్నారు కదా. సెకండ్ హ్యాండ్ ట్రాబంట్ కొత్తదానికంటే ఎక్కువ ధర పలికేది, ఎందుకంటే అది వెంటనే చేతికొస్తుంది. హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ ఈ పరిస్థితినే అధ్యయనం చేసి ఒక మాట అన్నాడు: ఎంత నష్టం వచ్చినా ప్రభుత్వం పూడుస్తుందని తెలిసిన సంస్థకు కొనేవాడి మొహం చూడాల్సిన పని ఉండదు. 1990 తర్వాత ఫోక్స్‌వ్యాగన్ అదే జ్వికావ్‌లో ప్లాంటు పెట్టింది, 2019లో అక్కడ ఎలక్ట్రిక్ కార్ల తయారీ మొదలుపెట్టింది. నలభై ఏళ్లలో ఆ ఊరి స్వభావం రెండుసార్లు మారిపోయిందని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఇంకో చిక్కేమిటంటే సంస్కృతి వాదన ఎప్పుడూ ఫలితం వచ్చాకే తయారవుతుంది. 20వ శతాబ్దం మొదట్లో మాక్స్ వెబర్ చైనాలో పెట్టుబడిదారీ విధానం ఎందుకు పుట్టలేదో వివరిస్తూ కన్ఫ్యూషియస్ సంప్రదాయాన్ని ఒక అడ్డంకిగా చూపించాడు. తర్వాత జపాన్, కొరియా, తైవాన్ పైకొచ్చేసరికి అదే కన్ఫ్యూషియస్ పేరు చెప్పి, పొదుపు, చదువు, పెద్దల మాట వినడం వల్లే ఇదంతా సాధ్యమైందన్నారు. ఒకే కారణంతో రెండు వ్యతిరేక ఫలితాలనూ వివరించగలిగితే ఆ కారణంతో అప్పు ఇచ్చేవాడికి గానీ పెట్టుబడి పెట్టేవాడికి గానీ ఉపయోగం ఏమీ లేదు.

అయితే సంస్కృతి అనేది వట్టిదే అంటున్నానా? లేదు. కంపెనీ గోడల లోపల అది చాలా నిజం. దీనికి అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రీమాంట్‌లోని కార్ల ప్లాంటు మంచి ఉదాహరణ. జనరల్ మోటార్స్ దాన్ని 1982లో మూసేసింది. అప్పటికి దానికి కంపెనీలోనే చాలా చెడ్డ పేరు: రోజూ 20 శాతానికి పైగా మనుషులు రారు, యాజమాన్యానికీ యూనియన్‌కీ నిత్యం గొడవ, ఫిర్యాదుల గుట్టలు. 1984లో టయోటాతో కలిసి నుమ్మీ అనే పేరుతో అదే ప్లాంటును మళ్లీ తెరిచారు. అదే యూనియన్, మనుషుల్లోనూ ఎక్కువమంది పాతవాళ్లే. కొద్ది కాలంలోనే గైర్హాజరు 3, 4 శాతానికి పడిపోయింది, నాణ్యతలో జపాన్ ప్లాంట్లతో పోల్చదగ్గ స్థాయికి చేరింది.

ఈ కథ చెప్పేవాళ్లంతా అసెంబ్లీ లైన్ ఆపే తాడు గురించి చెప్తారు. ఏ కార్మికుడైనా లోపం కనిపిస్తే తాడు లాగొచ్చు, సమస్య అప్పుడే తేలకపోతే లైన్ ఆగిపోతుంది. బాగుంది. కానీ ఆ తాడు లాగాలంటే ధైర్యం ఎక్కడి నుంచి రావాలి? పాత పద్ధతిలో లైన్ ఆపడమంటే ఉద్యోగం మీదికి తెచ్చుకోవడమే. నుమ్మీ ఒప్పందంలో ఒక హామీ ఉండేది: కంపెనీ మనుగడే ప్రమాదంలో పడితే తప్ప ఎవరినీ తీసేయం, ముందు మేనేజర్ల జీతాలు తగ్గిస్తాం, బయటికిచ్చిన పని లోపలికి తెస్తాం అని. 1988లో అమ్మకాలు బాగా పడిపోయి ప్లాంటు సామర్థ్యంలో 60 శాతం కూడా వాడని పరిస్థితి వచ్చింది. ఒక్కరినీ ఇంటికి పంపలేదు. ఖాళీగా ఉన్నవాళ్లకు శిక్షణ ఇచ్చారు. తాడు నిజంగా పనిచేయడం మొదలైంది ఆ హామీ వల్లే అని నా అభిప్రాయం. పని తొందరగా అయ్యే ఉపాయం చెప్తే తన ఉద్యోగమే పోతుందని భయపడే మనిషి ఉపాయం చెప్పడు, అది ఏ దేశమైనా అంతే.

జనరల్ మోటార్స్ తమ మేనేజర్లను నుమ్మీకి పంపించి నేర్పించింది, కాలిఫోర్నియాలోనే వాన్ నైస్ ప్లాంటులో అదే పద్ధతి పెట్టబోయి విఫలమైంది. తాడు కట్టగలిగారు, బృందాలు అని పేర్లు పెట్టగలిగారు. మేనేజర్ల బోనస్ మాత్రం ఇంకా ఎన్ని కార్లు బయటికి పంపారన్న లెక్క మీదే ఉంటే లైన్ ఆగడాన్ని ఎవరు ఓర్చుకుంటారు? కంపెనీలో సంస్కృతి మార్చాలని గోడ మీద నినాదాలు రాయించే యజమానులను చాలామందిని చూశాను, వాళ్లను నేనడిగే మొదటి ప్రశ్న మీ దగ్గర ప్రమోషన్ ఎవరికి వస్తుంది అని. జవాబు చెప్పకుండా నవ్వేవాళ్లే ఎక్కువ.

విధానం సంస్కృతిని ఎలా తయారుచేస్తుందో, అదీ ఎవరూ అనుకోకుండా ఎలా తయారుచేస్తుందో చూడాలంటే సిలికాన్ వ్యాలీ. అక్కడివాళ్లు ధైర్యవంతులు, కంపెనీలు మారడానికి వెనకాడరు, ఓడిపోయినా సిగ్గుపడరు అని ఎన్ని వ్యాసాలు వచ్చాయో లెక్కలేదు. కాలిఫోర్నియా చట్టంలో 1872 నుంచి ఒక నిబంధన ఉంది: ఉద్యోగి మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదు, సొంతంగా పెట్టుకోకూడదు అని రాయించుకున్న ఒప్పందం చెల్లదు. 1872లో చిప్పుల గురించి ఎవరికి తెలుసు! 1957లో ఎనిమిది మంది షాక్లీ కంపెనీ వదిలి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు, వాళ్లలో ఇద్దరు, నోయిస్, మూర్, 1968లో ఫెయిర్‌చైల్డ్ వదిలి ఇంటెల్ పెట్టారు, మరుసటి ఏడాది ఫెయిర్‌చైల్డ్ వాళ్లే ఏఎండీ పెట్టారు. అదే కాలంలో మసాచుసెట్స్‌లో బోస్టన్ చుట్టూ రూట్ 128 మీద ఇంతకంటే పెద్ద కంప్యూటర్ కంపెనీలుండేవి, అక్కడి కోర్టులు అలాంటి ఒప్పందాలను అమలు చేసేవి. జ్ఞానం కంపెనీ గోడల లోపలే ఉండిపోయింది, పెద్ద కంపెనీలు దెబ్బతిన్నప్పుడు దాన్ని అందుకునేవాళ్లు చుట్టుపక్కల తక్కువ.

ఇక్కడ నా వాదనకే అడ్డొచ్చే విషయం ఒకటుంది, దాచను. అమెరికాలోనే నార్త్ డకోటా రాష్ట్రంలో కూడా 19వ శతాబ్దం నుంచి అలాంటి నిషేధమే ఉంది. అక్కడ సిలికాన్ వ్యాలీ ఏమీ రాలేదు. ఒక్క చట్టం ఏమీ చేయదు. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఉంది, 1960ల మొదట్లో ఐసీలు, అంటే చిప్పులు, ఎంత ఖరీదైనా కొనే అమెరికా రక్షణ శాఖ, అంతరిక్ష కార్యక్రమం ఉన్నాయి. నష్టపోయే అవకాశం ఉన్న సరుకుకు తొలి కొనుగోలుదారు దొరకడమంటే మామూలు విషయం కాదు. స్వేచ్ఛా మార్కెట్‌కి నిదర్శనంగా చూపించే చోట ప్రభుత్వమే మొదటి కస్టమర్ అన్న సంగతి చాలామంది చెప్పరు.

ఇక అసలు గొడవకి వద్దాం. ప్రభుత్వం పరిశ్రమలకు సాయం చేయాలా వద్దా అని టీవీ చర్చల్లో గంటలు గంటలు అరుచుకుంటారు. అప్పులిచ్చే కుర్చీలో కూర్చుని చూసినవాడిగా నాకు ఆ ప్రశ్నే తప్పుగా అనిపిస్తుంది. సాయం చేయని దేశం లేదు. ఇచ్చిన సాయాన్ని వెనక్కి తీసుకోగలరా లేదా, అక్కడే తేడా అంతా.

దక్షిణ కొరియా, మలేసియా కార్ల కథలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ దిగుమతులను అడ్డుకున్నాయి, రెండూ మిత్సుబిషి సాంకేతికత తెచ్చుకున్నాయి. కొరియాలో 1961 తర్వాత బ్యాంకులు ప్రభుత్వం చేతిలోకి వచ్చాయి, చవక వడ్డీ అప్పు ఎవరికి అనేది అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ ప్రభుత్వమే నిర్ణయించేది, దానికి షరతు ఎగుమతి. ప్రతి నెలా ఎగుమతుల మీద సమావేశం, అధ్యక్షుడే కూర్చుని ఎవరు లక్ష్యం అందుకున్నారు ఎవరు అందుకోలేదు అని చూసేవాడు. హ్యుందాయ్ 1975లో పోనీ కారు తయారీ మొదలుపెట్టి మరుసటి ఏడాదే ఈక్వెడార్‌కి కొన్ని పంపింది. లాభం కోసం కాదు, సొంత దేశంలో ఎంత మెచ్చుకున్నా బయటి కస్టమర్ మొహమాటపడడు కాబట్టి ఏం బాగోలేదో అప్పుడే తెలుస్తుంది. 1986లో అమెరికాలో ఎక్సెల్ అమ్మకం మొదలుపెట్టింది, మొదట్లో బాగా పోయింది, తర్వాత నాణ్యత బాగాలేక నవ్వులపాలైంది, మళ్లీ పేరు తెచ్చుకోవడానికి ఏళ్లు పట్టింది.

మలేసియాలో ప్రోటాన్ 1983లో పెట్టారు, 1985లో సాగా కారు వచ్చింది. దేశీయ మార్కెట్‌లో పోటీ కార్ల మీద భారీ సుంకాలు, దాంతో అమ్మకాలు దండిగా. దాని మీద మరో బరువు కూడా పెట్టారు, విడిభాగాలు ఎవరి దగ్గర కొనాలన్నదాంట్లో భూమిపుత్ర విధానం, అంటే మలయ్ వర్గం వారి వ్యాపారాలను పెంచడం అనే సామాజిక లక్ష్యం. ఆ లక్ష్యం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కానీ ఒకే కంపెనీ మీద రెండు మూడు లక్ష్యాలు పెడితే ఏ ఒక్కటి తప్పినా ఇంకోటి చూపించి తప్పించుకోవచ్చు, నా ఉద్యోగంలో ఇది లెక్కలేనన్నిసార్లు చూశాను. కొంత ఎగుమతి చేశారు, బ్రిటన్‌కి కూడా, అయితే ఎగుమతి చేయకపోతే సుంకం తీసేస్తాం అన్న బెదిరింపు నమ్మదగ్గదిగా ఎప్పుడూ లేదు. 2017లో 49.9 శాతం వాటా చైనా కంపెనీ జీలీ చేతికి పోయింది. పక్కనే థాయ్‌లాండ్‌కి సొంత జాతీయ కారు అనే మోజు లేదు, విదేశీ కంపెనీలతోనే ప్లాంట్లు పెట్టించుకుని, 2000లో స్థానిక విడిభాగాల నిబంధన కూడా ఎత్తేసి, ఏటా పది లక్షల వాహనాల దాకా ఎగుమతి చేసే స్థాయికి వచ్చింది. గర్వం కొరియాకి కలిసొచ్చింది, థాయ్‌లాండ్ గర్వం లేకుండానే ఉద్యోగాలు తెచ్చుకుంది.

"కొరియా వాళ్లకి జాతీయ భావం ఎక్కువ, అందుకే" అనే వాళ్లకి బ్రెజిల్ చూపిస్తాను, ఎందుకంటే అక్కడ ఒకే దేశంలో రెండు ఫలితాలూ ఉన్నాయి. 1984 చట్టంతో కంప్యూటర్ల మార్కెట్‌ను దేశీయ కంపెనీలకే కేటాయించారు, ఖరీదైన వెనకబడ్డ కంప్యూటర్లు వచ్చాయి, 90ల మొదట్లో ఎత్తేశారు. అదే దేశంలో ప్రభుత్వమే 1969లో పెట్టిన ఎంబ్రాయర్ మొదటి దశాబ్దంలోనే విమానాలను అమెరికాకి అమ్మింది, 1994లో ప్రైవేటుపరం అయ్యాక ప్రాంతీయ జెట్లలో ప్రపంచంలో పెద్ద కంపెనీల్లో ఒకటైంది. దాని వెనక 1950లో పెట్టిన విమాన ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. విమానాన్ని సుంకాల చాటున దాచి అమ్మడానికి కుదరదు, విదేశీ భద్రతా సంస్థ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇవ్వకపోతే అమ్మకం లేదు.

కొరియాని ఆకాశానికెత్తి వదిలేస్తే అబద్ధం చెప్పినట్టే. సాయం వెనక్కి తీసుకునే అధికారం కక్షసాధింపుకి కూడా పనికొస్తుంది. 1985లో అక్కడి పెద్ద గ్రూపుల్లో ఒకటైన కుక్జేకి అప్పులు ఆపేసి ముక్కలు చేసేశారు. 1993లో రాజ్యాంగ న్యాయస్థానం అది రాజ్యాంగ విరుద్ధమంది. అప్పటి కార్మికుల పరిస్థితి, యూనియన్ల మీద అణచివేత గురించి చెప్పాలంటే ఇంకో సమాధానం అవుతుంది. పైగా ఆ పద్ధతి నేర్పిన అలవాటు, అంటే అప్పు తెచ్చి విస్తరించు, పెద్దవాడివైతే ప్రభుత్వం పడిపోనివ్వదు అనేది, 1997 నాటికి మెడకి చుట్టుకుంది. ఆ ఏడాది చివరికి మొదటి ముప్పై గ్రూపుల అప్పు వాళ్ల సొంత పెట్టుబడికి సగటున ఐదు రెట్లు. 1997 జనవరిలో హాన్బో ఉక్కు కంపెనీ పడిపోయింది, 1999లో దేవూ గ్రూపు. ఇరవై ఏళ్లు గెలిపించిన అలవాటే ముంచింది. ఏ దేశాన్నైనా నమూనాగా తీసుకునేటప్పుడు అది ఏ దశాబ్దపు నమూనా అని అడగండి.

దేవూ పేరు వచ్చింది కాబట్టి ఒక చిన్న కథ, నాకు బాగా ఇష్టమైనది. బంగ్లాదేశ్‌లో దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ 1978లో దేవూతో ఒప్పందం చేసుకుని, 130 మందిని కొరియాలో బూసాన్‌కి శిక్షణకు పంపింది. కొన్నేళ్లలో ఆ 130 మందిలో 115 మంది కంపెనీ వదిలేసి సొంతంగా ఫ్యాక్టరీలు పెట్టడమో, కొత్తగా పెట్టినవాళ్ల దగ్గర చేరడమో చేశారు. ఇవాళ ప్రపంచంలో చైనా తర్వాత వరుసలో కనిపించే ఆ దేశపు బట్టల పరిశ్రమ అక్కడ మొదలైంది. కానీ మనుషులు నేర్చుకుంటే సరిపోదు, గుడ్డ కొనడానికి డాలర్లు కావాలి. అక్కడ రెండు నిబంధనలు పనిచేశాయి. ఎగుమతి చేసేవాళ్లు గుడ్డను సుంకం కట్టకుండా తెచ్చి బాండెడ్ వేర్‌హౌస్‌లో, అంటే కస్టమ్స్ అజమాయిషీలో ఉండే గోదాములో, పెట్టుకోవచ్చు. విదేశీ కొనుగోలుదారు ఇచ్చిన ఎల్‌సీని (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే సరుకు పంపితే డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీపత్రం) చూపించి దాని మీదే బ్యాంకు గుడ్డ సరఫరాదారుకి ఇంకో ఎల్‌సీ తెరుస్తుంది. అంటే చేతిలో పెట్టుబడి లేనివాడు కూడా ఆర్డరు ఉంటే ఫ్యాక్టరీ నడపగలడు. పెద్ద ప్రసంగాలు, పెద్ద సబ్సిడీలు లేవు, గుమాస్తా స్థాయి నిబంధనలు రెండు. విధానం అంటే జనం బడ్జెట్ ప్రసంగం అనుకుంటారు, పరిశ్రమని నిలబెట్టేవి చాలాసార్లు ఇలాంటి సర్క్యులర్లే. ఆ పరిశ్రమ భద్రతని గాలికొదిలేసిన తీరు 2013లో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు లోకానికి తెలిసింది, అదీ విధానం ఫలితమే.

భారతదేశంలో ఇదే కాలంలో బట్టలు కుట్టడం చిన్న పరిశ్రమలకు కేటాయించిన జాబితాలో ఉండేది. 1967లో కొన్ని వస్తువులతో మొదలైన ఆ జాబితా తర్వాత 800 దాటింది, చివరి వస్తువులను 2015లో తీసేశారు. ఉద్దేశం మంచిదే, చిన్నవాళ్లను పెద్దవాళ్లు మింగేయకూడదని. ఆచరణలో జరిగింది ఏమిటంటే, మిషన్ల మీద పెట్టుబడి ఒక పరిమితి దాటితే ఆ వస్తువు చేయకూడదు కాబట్టి ఎవరూ పెరగరు. ఒకే కాంపౌండులో ఒకే కుటుంబం నాలుగు కంపెనీ పేర్లతో, నాలుగు కరెంటు మీటర్లతో, నాలుగు లెక్కల పుస్తకాలతో నడిపే యూనిట్లను నేను తనిఖీ చేశాను. యజమాని చాలా తెలివైనవాడు, ఆ తెలివి మొత్తం చిన్నగా కనిపించడం ఎలా అన్నదాని మీదే ఖర్చయ్యేది. పెద్ద పరిశ్రమలకైతే 1951 చట్టం ప్రకారం లైసెన్సులో రాసినదానికంటే ఎక్కువ ఉత్పత్తి చేయడం నేరం. ఎక్కువ పని చేస్తే శిక్ష అన్నమాట! 1991 జులైలో ఇందులో చాలా భాగం ఎత్తేశారు, అయినా ఆ తర్వాత చాలా కాలం వరకు ఫైళ్లు చూస్తే రాజధానిలో ఆఫీసు ఖర్చు పరిశోధన ఖర్చుకంటే ఎక్కువ ఉన్న కంపెనీలు కనిపించేవి. నియమం పోయింది, అలవాటు మిగిలింది.

అలవాటు ఎప్పుడు కదులుతుందో కూడా చూశాను. 2016 దాకా పెద్ద అప్పు ఎగ్గొట్టినవాడికి కంపెనీ పోతుందన్న భయం లేదు. బ్యాంకే భయపడేది, గడువు పెంచేది, పాత అప్పు కట్టడానికి కొత్త అప్పు ఇచ్చేది. ప్రమోటర్, అంటే కంపెనీని నడిపే యజమాని, మీటింగుకి ఆలస్యంగా వచ్చేవాడు, మేమంతా ముందే వచ్చి కూర్చునేవాళ్లం. 2016లో దివాలా చట్టం వచ్చింది, 2017లో రిజర్వు బ్యాంకు 12 పెద్ద ఖాతాలను ఆ చట్టం కింద పంపమంది, అదే ఏడాది ఎగ్గొట్టిన ప్రమోటర్ తన కంపెనీని తనే చవగ్గా తిరిగి కొనుక్కోకుండా సవరణ తెచ్చారు. 2019లో ఎస్సార్ స్టీల్ రుయా కుటుంబం చేతుల్లోంచి ఆర్సెలార్ మిత్తల్‌కి దాదాపు 42,000 కోట్ల రూపాయలకు వెళ్లింది. ఆ తర్వాత ఫోన్లు ఎత్తడం మొదలైంది, కేసు వేయకముందే బకాయిలు కట్టేవాళ్లు కనిపించారు. చట్టం అమలులో జాప్యాలు చాలా ఉన్నాయి, చాలా కేసుల్లో అప్పిచ్చినవాళ్లకి తిరిగొచ్చింది తక్కువే, అదంతా ఒప్పుకుంటాను. కానీ "మన వ్యాపారులకి అప్పు తీర్చే సంస్కృతి లేదు" అని ముప్పై ఏళ్లు విన్న మాట, కంపెనీ చేతులు మారుతుందని కళ్లారా చూశాక రెండు మూడేళ్లలోనే పలచబడింది.

ఇక మీ రెండో ప్రశ్న, ముందు ఏది మార్చాలి. సంస్కృతిని మారుద్దాం అని మొదలుపెట్టిన ప్రయత్నాల్లో నిలబడినవి నాకు పెద్దగా కనిపించలేదు. విధానంలో అయితే కొత్త సాయాలు ప్రకటించడానికి ముందు, ఇప్పటికే ఇస్తున్న సాయంలో ఏది ఎప్పుడు ఆగుతుందో తేదీ వేయమంటాను. న్యూజిలాండ్ 1984లో రైతులకిచ్చే సబ్సిడీలను దాదాపు మొత్తం తీసేసింది. పదోవంతు పొలాలు మూతపడతాయని భయపడ్డారు, చివరికి వదులుకోవాల్సి వచ్చింది ఒక శాతం దాకా. గొర్రెల సంఖ్య పడిపోయింది, పాడి, ద్రాక్ష పెరిగాయి, ఎవరి భూమిలో ఏది గిట్టుబాటవుతుందో రైతులే వెతుక్కున్నారు. అలా అని అన్ని దేశాలూ రాత్రికి రాత్రి అలా చేయగలవని కాదు, అక్కడ భూమి రికార్డులు సరిగ్గా ఉన్నాయి, బ్యాంకులు రైతులతో కూర్చుని అప్పులు తిరగరాశాయి, నష్టపోయి వెళ్లిపోయేవాళ్లకి కొంత డబ్బు ఇచ్చారు. నష్టపోయినవాళ్లకి ఇంకో దారి చూపించకుండా సాయం ఆపితే మరుసటి ఎన్నికల్లో అది తిరిగొస్తుంది, ఈసారి ఇంకా పెద్దదై.

మీరు ఉద్యోగానికో పెట్టుబడికో కంపెనీని అంచనా వేస్తుంటే నేను వాడే పద్ధతి చెప్తాను. యజమాని నెలలో ఎక్కువ రోజులు ఎక్కడ గడుపుతున్నాడో కనుక్కోండి: ఫ్యాక్టరీలోనా, కస్టమర్ల దగ్గరా, అధికారుల గదుల బయటా. ఆ సుంకమో ఆ ప్రోత్సాహకమో రేపు పోతే ఆ కంపెనీ లాభం ఎంత మిగులుతుందో ఒక కాగితం మీద లెక్కేయండి. గత ఐదేళ్లలో అక్కడ పెద్ద తప్పు ఏది జరిగింది, దాన్ని మొదట చెప్పినవాడు ఇప్పుడు ఏ పదవిలో ఉన్నాడు అని కింది స్థాయి ఉద్యోగిని అడగండి, మానవ వనరుల శాఖని మాత్రం అడక్కండి. దేశం విషయంలోనైతే నేను చూసేది కొత్తగా ఎన్ని కంపెనీలు పెట్టారన్నది కాదు, ఆ లెక్క ఎవరైనా పెంచి చూపించొచ్చు. ఇరవై ఏళ్ల కిందట మొదటి పది స్థానాల్లో ఉన్న కంపెనీల్లో ఎన్ని కిందికి జారాయో, జారినప్పుడు ప్రభుత్వం ఏం చేసిందో చూస్తాను. మీరు ఏ దేశం గురించి, ఏ రంగం గురించి ఆలోచిస్తున్నారో చెప్తే ఇంకా వివరంగా మాట్లాడుకోవచ్చు, ఉక్కు, సిమెంటు, బట్టల గురించైతే చెప్పగలను, సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం ఆ రంగంలో ఉన్నవాళ్లు చెప్తే బాగుంటుంది.